ఇంటిపేరు మోయు ఋణము

దేవాలయమున అర్చకస్వామి సంకల్పము చెప్పించునపుడు ముందుగా దేశకాలములను స్మరింపజేసి, పిదప గోత్రమును, పేరును అడుగును. విజయవాడలో ఇంద్రకీలాద్రిపై అమ్మవారి సన్నిధిని నిలిచిన భక్తుడు కృష్ణాతీరమును తలచి, గోత్రము చెప్పుకొని, సహకుటుంబముగా తన్ను విన్నవించుకొనును. "నేనెవరు?" అను ప్రశ్నకు మన పెద్దలు ఏర్పరచిన లౌకికమైన సమాధానమిది. ఇందు మనుష్యుడు ఒంటరివాడు కాడు. అయితే గోత్రమును, ఇంటిపేరును చెప్పుకొనుట గర్వము కొఱకా, బాధ్యత కొఱకా?

ఈ విషయమును విచారించుటకు మన కృష్ణా జిల్లాయందే చక్కని దృష్టాంతము కలదు. అది పామఱ్ఱుకు సమీపమున నున్న కూచిపూడి గ్రామము. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మున్నగు ఇంటిపేర్లు గల కుటుంబములు అచ్చట తరతరములుగా నాట్యమునే వృత్తిగాను, వ్రతముగాను స్వీకరించినవి. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి ఆ కుటుంబముల బాలురకు నేర్పెననియు, ప్రతి పురుషుడును జన్మలో ఒక్కమారైనను సత్యభామ వేషము ధరించునట్లు ప్రమాణము చేయించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. గోల్కొండ ప్రభువైన అబుల్ హసన్ తానీషా వారి కళకు మెచ్చి ఆ గ్రామమును అగ్రహారముగా నొసగెనందురు. భూమి వారికి హక్కుగా వచ్చినది. కళ మాత్రము ప్రమాణముగా వచ్చినది. భూమిని అన్నదమ్ములు పంచుకొనవచ్చును. ప్రమాణమును పంచుకొనుటకు వీలులేదు. ప్రతివాడును దానిని సంపూర్ణముగా మోయవలసినదే.

ఆ కలాపమందలి కథయు మన ప్రశ్నకు చేరువైనదే. సత్యభామ తెరపై జడ వైచి ప్రవేశించి, తానెవరో, తన వైభవమెట్టిదో సభకు చాటుకొనును. అట్టి మానవతి స్వామి దూరమైనంతనే విరహమున కరగి, లేఖ వ్రాసి, దాసురాలై వేడుకొనును. దీనిని జీవుడు పరమాత్మకై పడు ఆర్తిగా భక్తులు భావింతురు. ఆ వేషము ధరించు పురుషుడు తన పేరును, తన పురుషత్వమును కూడ ప్రక్కకు పెట్టవలెను. 1970లో పద్మశ్రీ పురస్కారము నందిన వేదాంతం సత్యనారాయణ శర్మగారిని ప్రేక్షకులు సత్యభామగానే తలచిరి. తన్ను తాను మఱచుటచేతనే ఆయన తన ఇంటిపేరును నిలిపెను.

తైత్తిరీయ సంహిత దేవ, ఋషి, పితృ ఋణములను మూడింటిని చెప్పినది. శతపథ బ్రాహ్మణము వానికి మనుష్య ఋణమును కూడ చేర్చినది. సాటివారికి అన్నమును, ఆశ్రయమును ఇచ్చుట ఆ నాలుగవ ఋణమును తీర్చు మార్గము. కూచిపూడి భాగవతులు దీనిని మఱియొక విధమున తీర్చిరని మాచుపల్లి కైఫీయతు వలన తెలియుచున్నది. సిద్ధవటము ప్రాంతమున సమ్మెట గురవరాజు పన్నులకై స్త్రీలను సైతము హింసించుచుండగా చూచి, వారు విజయనగర ప్రభువైన వీరనరసింహరాయల యెదుట ఆ ఘోరమును కేళికగా ప్రదర్శించిరట. రాయలు సైన్యమును పంపి అతనిని శిక్షించెను. అధికారికి వ్యతిరేకముగా ఆడుట ప్రాణములతో చెలగాటము. అయినను దిక్కులేని ప్రజలకు వారు నోరైరి.

ఇచ్చట ఒక సందేహము కలుగును. ఆ ఇంటిపేరు లేనివారు నేర్చినచో సంప్రదాయము చెడదా? స్త్రీలు ఆ నాట్యమును అభ్యసింపబూనినపుడు ఈ సందేహమే తలయెత్తినది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు స్త్రీలకు విద్య నొసగిరి. వెంపటి చిన సత్యంగారు గ్రామమును వీడి, 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, పలు ప్రాంతముల, పలు కుటుంబముల వారిని శిష్యులుగా స్వీకరించిరి. నేడు సముద్రముల కావల నున్న తెలుగు బాలికలును కూచిపూడి పేరు చెప్పుకొని కాలికి గజ్జె కట్టుచున్నారు. రాత్రియెల్ల ఆడెడి కలాపములు, యక్షగానములు తగ్గి, ఏకపాత్ర నాట్యము పెరిగినదనుట నిజమే. అది లోటే. కాని తలుపులు మూసియుంచినచో ఆ లోటు తీరెడిది కాదు.

మన డెల్టా రైతుకు ఈ సూక్ష్మము తెలియును. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కృష్ణాజలము కాలువల వెంట పొలములకు పాఱినది. 1957 నుండి ప్రకాశం బ్యారేజి ఆ పని చేయుచున్నది. కాలువ నీటికి యజమాని కాదు. నీటిని మోయునది మాత్రమే. ఎగువ రైతు గండి కొట్టి నీరంతయు తన చేనికే మలపుకొన్నచో దిగువ చేలు ఎండును. వంశమును అట్టి కాలువయే. తాతలు మనకిచ్చినది మన యొద్దనే ఆగుటకు కాదు.

కావున ప్రతి గృహస్థుడును తన ఇంటి పెద్దలకు తెలిసిన విద్య యేదియో అడిగి తెలిసికొనవలెను. అది పారాయణము కావచ్చును, వైద్యము కావచ్చును, వ్యవసాయము కావచ్చును, పండుగనాటి పాట కావచ్చును. దానిని శ్రద్ధతో అభ్యసించి తన బిడ్డకు నేర్పవలెను. తన ఇంటిపేరు లేని మఱియొక బిడ్డకును నేర్పవలెను. గ్రామమునకు అక్కఱ కలిగిననాడు దానిని గ్రామమునకు వినియోగింపవలెను. ఈ ఋణమును తీర్చువానిని "ఎవరి బిడ్డవు?" అని లోకము అడుగును. అపుడు చెప్పిన ఇంటిపేరు గర్వము కాదు, పెద్దలకు నమస్కారము.