డైనమోకూ ఆల్టర్నేటర్‌కూ తేడా ఏమిటి?



మన హాస్టల్ మీద వాటర్ ట్యాంకు ఉంది, కింద బోరు మోటారు ఉంది. మోటారు ఆగినా కొంతసేపు నల్లాల్లో నీళ్లు వస్తాయి. కానీ ట్యాంకు నీళ్లను పుట్టించదు, దాచుకుంటుంది అంతే. మోటారు వాహనంలో బ్యాటరీ కూడా ఈ ట్యాంకు లాంటిదే. ఇంజను స్టార్ట్ చేయడానికి, అంటే మన మెకానిక్‌లు 'సెల్ఫ్' అనే స్టార్టర్ మోటారును తిప్పడానికి, అది కరెంటు ఇస్తుంది. ఇంజను నడవడం మొదలైన తర్వాత లైట్లకూ హారనుకూ వైపర్లకూ కరెంటు ఇచ్చి, బ్యాటరీని మళ్లీ నింపే పని ఇంజను పక్కన బెల్టుతో తిరిగే ఒక యంత్రానిది. పూర్వం ఆ యంత్రం డైనమో. ఇప్పుడు ఆల్టర్నేటర్.

ముందుగా పేర్ల తికమక తీర్చుకుందాం. ఇంగ్లీషు పుస్తకాల్లో వాహనానికి సంబంధించి 'జనరేటర్' అని రాస్తే డైనమో అని అర్థం. కొల్లాపూర్‌లో ఏ ఆటో ఎలక్ట్రీషియన్ షాపుకు పోయినా ఆల్టర్నేటర్‌ను కూడా డైనమో అనే పిలుస్తారు. వార్షికోత్సవానికి మైకుల కోసం తెప్పించే డీజిల్ జనరేటర్ లోపల ఉండేది నిజానికి ఆల్టర్నేటరే. ఇంకో విచిత్రం చెప్పనా? సైకిలు టైరుకు ఆనించి లైటు వెలిగించే 'డైనమో' అసలు డైనమో కాదు. అందులో అయస్కాంతం తిరుగుతుంది, తీగచుట్ట కదలదు, బయటికి వచ్చేది ఏకాంతర విద్యుత్తు. అది బుల్లి ఆల్టర్నేటర్. కాబట్టి పేరు చూసి కాదు, లోపల ఏం జరుగుతుందో చూసి గుర్తుపట్టాలి.

భౌతికశాస్త్రం పాఠంలో ఏ.సి., డి.సి. జనరేటర్ల బొమ్మలు మీరంతా గీసే ఉంటారు. ఒకదానికి స్లిప్ రింగులు, రెండోదానికి స్ప్లిట్ రింగులు. పరీక్షలో భేదాలు రాయమంటే పట్టిక గీసి మార్కులు తెచ్చుకుంటాం. కానీ ఆ పట్టికలో దాగిపోయే అసలు సంగతి ఒకటుంది. రెండు యంత్రాల్లోనూ తీగచుట్టలో పుట్టేది ఏకాంతర విద్యుత్తే! తీగచుట్ట ముందు అయస్కాంతపు ఉత్తర ధ్రువం ఒకసారి, దక్షిణ ధ్రువం ఒకసారి వస్తుంటే కరెంటు దిశ మారక తప్పదు. బ్యాటరీకి మాత్రం ఒకే దిశలో పోయే ఏకముఖ విద్యుత్తు కావాలి. ఆ మార్పు ఎవరు చేస్తారు అన్న దగ్గరే డైనమో, ఆల్టర్నేటర్ విడిపోతాయి.

1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో పిక్సీ అనే పరికరాల తయారీదారు చేత్తో తిప్పే జనరేటర్ చేశాడు. అందులో కరెంటు అటూ ఇటూ మారుతూ వచ్చింది. అప్పట్లో అందరికీ కావలసింది బ్యాటరీ ఇచ్చేటటువంటి ఒకే దిశ కరెంటు. ఆంపియర్ సలహాతో పిక్సీ దానికి కమ్యుటేటర్ జోడించాడు. వాహనాల డైనమో ఆ దారిలోదే.

డైనమోలో బయటి చట్రానికి అయస్కాంతాల తీగచుట్టలు బిగించి ఉంటాయి. లోపల ఆర్మేచర్ తిరుగుతుంది. కరెంటు పుట్టేది తిరిగే ఆర్మేచర్‌లో. దాని చివర రాగి పలకలతో చేసిన కమ్యుటేటర్ ఉంటుంది. దానిమీద రెండు కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ, కరెంటు దిశ మారబోయే క్షణంలో కనెక్షన్‌ను తారుమారు చేస్తాయి. తెలివైన ఏర్పాటే. కానీ బండికి కావలసిన మొత్తం కరెంటు ఆ బ్రష్‌ల గుండానే రావాలి. నిప్పురవ్వలు లేస్తాయి, బ్రష్‌లు అరుగుతాయి. మరీ వేగంగా తిప్పితే ఆర్మేచర్‌లోని బరువైన తీగలు అపకేంద్ర బలానికి బయటికి ఎగదన్నుతాయి. అందువల్ల చిన్న పుల్లీ వేసి వేగం పెంచే వీలు లేదు. ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు.

ఆల్టర్నేటర్‌లో ఈ ఏర్పాటును తలకిందులు చేశారు. మన పాఠం బొమ్మలో ఏ.సి. జనరేటర్‌కు కూడా తీగచుట్టే తిరుగుతుంది కదా, అక్కడే చాలామంది పొరబడతారు. బండి ఆల్టర్నేటర్‌లో తిరిగేది అయస్కాంతం, అంటే రోటర్. కరెంటు పుట్టే మూడు ఫేజుల తీగచుట్టలు బయట స్టేటర్‌లో కదలకుండా ఉంటాయి. పెద్ద కరెంటు నేరుగా బిగించిన తీగల్లోంచి వస్తుంది. రోటర్‌ను అయస్కాంతంగా మార్చడానికి కావలసిన కొద్ది ఆంపియర్లు మాత్రమే బ్రష్‌లు, స్లిప్ రింగుల మీదుగా పోతాయి. అందుకే ఆ బ్రష్‌లు చాలాకాలం మన్నుతాయి. రోటర్ గట్టిగా ఉంటుంది కాబట్టి ఇంజను కన్నా రెండు మూడు రెట్ల వేగంతో తిప్పవచ్చు.

మరి ఏకముఖ విద్యుత్తుగా మార్చేది ఎవరు? సిలికాన్ డయోడ్లు. మూడు ఫేజులకు ఆరు డయోడ్లు. డయోడ్ అంటే ఒకవైపే తెరుచుకునే తలుపు. కమ్యుటేటర్ రాసుకుంటూ చేసే పనిని ఇవి కదలకుండా చేస్తాయి. చవకైన, గట్టి సిలికాన్ డయోడ్లు దొరికేవరకు ఈ పద్ధతి మామూలు కార్లకు అందలేదు. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960లో వాలియంట్ కారుకు ఆల్టర్నేటర్ పెట్టింది. మన దేశంలో పాత అంబాసిడర్ కార్లు, పాత ట్రాక్టర్లు చాలాకాలం డైనమోతోనే నడిచాయి.

చిన్న లెక్క చేద్దాం. ఒక్కొక్కటి 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు ఉంటే 110 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. వైపరు, వెనక లైట్లు, హారను కలిస్తే ఇంకా పెరుగుతుంది. పాత కార్ల డైనమో మంచి వేగంలో ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టుపక్కల. బండి ఆగి ఇంజను మెల్లగా తిరుగుతుంటే ఆ భారమంతా బ్యాటరీదే. పాత డ్రైవర్లు ఆగిన చోట కూడా రేసు ఇస్తూ ఉండడానికి ఇదొక కారణం. మామిడికాయల సీజన్‌లో మన దగ్గరి నుంచి రాత్రిపూట హైదరాబాద్ పోయే డీసీఎంలు గేటు దగ్గర, చెక్‌పోస్టు దగ్గర లైట్లు వేసుకునే నిలబడగలుగుతున్నాయంటే అది ఆల్టర్నేటర్ చలవ.

డైనమోకు ఇంకో తంటా. ఇంజను ఆగితే బ్యాటరీ కరెంటు వెనక్కి పారి డైనమోనే మోటారులా తిప్పబోతుంది. దాన్ని ఆపడానికి 'కటౌట్' అనే పెట్టె ఉండేది. ఆల్టర్నేటర్‌లో డయోడ్లే వెనక్కి పోనివ్వవు. అయితే డైనమో పక్షాన ఒక మాట చెప్పాలి. పల్లెటూరి మెకానిక్ గరుకు కాగితంతో కమ్యుటేటర్ రుద్ది, కొత్త బ్రష్‌లు వేసి దాన్ని బతికించగలడు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా తన ఇనుములో మిగిలిన అయస్కాంతత్వంతో అది మొదలుకాగలదు. ఆల్టర్నేటర్‌కు మొదట కాస్త బ్యాటరీ కరెంటు కావాలి. తాళం తిప్పగానే వెలిగే ఎర్ర చార్జింగ్ లైటు గుండా చాలా బండ్లలో ఆ కరెంటే పోతుంది.

ఇంత చిన్న యంత్రం సూత్రమే మన జిల్లాలో భూమి లోపల భారీగా పనిచేస్తోంది. సోమశిల దగ్గర మనం చూసే కృష్ణ నీళ్లే శ్రీశైలం జలాశయం నుంచి ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రానికి పోతాయి. అక్కడ 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. వాటిలోనూ తిరిగేది విద్యుదయస్కాంతం, కరెంటు వచ్చేది నిలకడగా ఉన్న తీగచుట్టల నుంచి. ఇళ్లకు కావలసింది ఏకాంతర విద్యుత్తే కనుక దాన్ని డయోడ్లతో మార్చి పంపరు.

ఐ.టి.ఐ.కో డిప్లొమాకో పోదలచినవాళ్లు ఇక్కడినుంచి శ్రద్ధగా చదవండి. మా నాయిన బడి మొహం చూడలేదు, వేరేవాళ్ల ట్రాక్టరు నడుపుతాడు. ఒక వానాకాలం ట్రాలీ తగిలించే హుక్కు విరిగితే ట్రాక్టరు మీదే వెల్డింగ్ పెట్టించారు. బ్యాటరీ తీగలు ఎవరూ విప్పలేదు. ఆ సాయంత్రం నుంచి చార్జింగ్ లైటు ఆరలేదు. విప్పి చూస్తే డయోడ్లు కాలిపోయి ఉన్నాయి. లైట్లు లేక రాత్రి దున్నకాలు ఆగాయి. ఆ ఖర్చులో సగం మా నాయిన జీతంలోంచి పట్టుకున్నారు. వెల్డింగ్ చేసింది ఆయన కాదు, చేయమన్నదీ ఆయన కాదు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటర్ తీగలు విప్పాలని అక్కడ ఒక్కరికి తెలిసినా సరిపోయేది.

ఇంకో పాత అలవాటు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చార్జింగ్ పరీక్షించడం. డైనమో కాలంలో అది నడిచిపోయింది. ఆల్టర్నేటర్ బండిలో అలా పీకగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లనూ రెగ్యులేటర్‌నూ కాలుస్తుంది. ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న బండి అయితే నష్టం ఇంకా పెద్దది. బ్యాటరీని ప్లస్ మైనస్ తారుమారుగా బిగించినా డయోడ్లు క్షణంలో పోతాయి.

పరీక్షించాలంటే మల్టీమీటర్ చాలు. ఇంజను ఆపి చూస్తే నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్యకు రావాలి. హెడ్‌లైట్లు వేసినా 13 కిందికి దిగకూడదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, బ్యాటరీలో ఆసిడ్ మరుగుతుంది. పగలు చార్జింగ్ అవుతూనే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే ఏదో ఒక డయోడ్ షార్ట్ అయి ఉండవచ్చు. బ్యాటరీ మార్చే ముందు అది చూడమనండి.