ఋతువు తప్పిన రుచి

నల్లగొండ గడియారస్తంభం దగ్గరైనా, మహబూబ్‌నగర్ బస్టాండు ముందైనా తోపుడుబండ్ల మీద ఈనాడు పండ్లకు కొదువ లేదు. మండువేసవిలో ఆపిల్, ముసురు పట్టిన శ్రావణంలో సముద్రాలు దాటివచ్చిన కివి, సంవత్సరం పొడవునా అరటి, దానిమ్మ వరుసలు తీరి కనిపిస్తాయి. చూపుకు నిగనిగలాడుతాయి. కోసి నోట పెట్టుకుంటే మాత్రం చాలాసార్లు చప్పదనమే మిగులుతుంది. ‘వెనకటి రుచి ఇప్పుడేది?’ అని పెద్దలు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులో జ్ఞాపకపు తీపి కొంత కలిసి ఉండవచ్చు. బాల్యంలో ఆకలిమీద తిన్నదల్లా అమృతంగానే తోస్తుంది. అయినా దానిని వయసు మళ్ళినవారి మాటగా కొట్టివేయడానికి వీలులేదు. ఆ చప్పదనానికి వృక్షశాస్త్రంలో కారణాలున్నాయి, వ్యాపారంలో అంతకన్న ఎక్కువ కారణాలున్నాయి.

తెలుగుభాష చెట్టుమీది ఫలానికి ఒక్క పేరుతో సరిపెట్టుకోలేదు. పూత నిలిస్తే పిందె, పిందె ఎదిగితే కాయ, కాయ ముదిరి రంగు తిరుగుతుంటే దోర, ఆ తరువాతనే పండు. ‘పండు’ అన్నది నామవాచకమే కాదు, క్రియ కూడా. చేను పండుతుంది, తల పండుతుంది, కాయ పండుతుంది. మూడింటిలోను సమానంగా ఉన్నది కాలం గడవడమే. కోసిన కాయను గడ్డిలో పెట్టి మెత్తబరచడాన్ని మాగవేయడం అన్నారు, కావు వేయడం అన్నారు. చెట్టున పండడం వేరు, ఇంట మాగడం వేరు అన్న ఎరుక ఈ మాటలలోనే ఉన్నది. ఇక ‘రసం’ అనే పదం పండులోని సారానికి, కావ్యంలోని ఆస్వాదానికి ఒకటే కావడం అలంకారశాస్త్రంతో పరిచయమున్నవారికి తెలిసిన సంగతే. విభావాదులు కుదరనిదే కావ్యంలో రసం నిష్పన్నం కాదు. ఎండ, నీరు, గడువు కుదరనిదే ఫలంలోను అది ఏర్పడదు.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు దక్కను పీఠభూమిపై ఉన్న మెట్టసీమ. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి ఇవి పలు చిన్న జిల్లాలుగా ఏర్పడినా, నేల స్వభావం ఒకటే. ఎర్రచెల్కలు, రాతిగుట్టలు, సంవత్సరానికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన. ఇటువంటి నేలమీద ఫలాలు ఒక్కసారిగా విరగబడవు, వంతులవారీగా వస్తాయి. ఎండలు ముదిరేవేళకు తాటిముంజలు, ఈతపండ్లు, మామిడి. నల్లమల అంచున అమ్రాబాద్ వైపు అదే కాలంలో తునికిపండ్లు, మొర్రిపండ్లు. తొలకరికి అల్లనేరేడు, వినాయకచవితి పత్రితోపాటు వెలగకాయ, బతుకమ్మ నాటికి సీతాఫలం, కార్తీకంలో ఉసిరిక, సంక్రాంతికి రేగు, శివరాత్రి దాటితే చింతపండు. పల్లెలో పంచాంగం చదవడం రానివారు కూడా సంతలోని గంపలను చూసి మాసం చెప్పగలిగేవారు. భోగినాడు పసిపిల్లల తలమీద పోసే రేగుపండు వైశాఖంలో కావాలంటే దొరకదు. దొరకాలని ఎవరూ కోరలేదు కూడా. శబరి ఒక్కొక్క పండును కొరికి చూసి రామునికి పెట్టిందని జనం చెప్పుకునే కథలో భక్తితోపాటు ఈ మెలకువ కూడా ఉన్నది. ఒకే చెట్టుపండ్లైనా అన్నీ ఒకేరోజు పక్వానికి రావు. ఏది పండిందో తెలుసుకోవడానికి రంగు చాలదు.

ఈ వరుసలో సీతాఫలాన్ని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. పేరు సీతమ్మది, పుట్టిల్లు మాత్రం అమెరికా ఖండపు ఉష్ణమండలం. పోర్చుగీసువారి ఓడల వెంట ఇది భారతదేశం చేరిందని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. అతిథిగా వచ్చినా పాలమూరు గుట్టలమీద సొంత ఇంటిదానివలె స్థిరపడింది. నాటినవారు లేరు, నీరు పోసినవారు లేరు. మేకలు దాని ఆకును ముట్టవు. వేసవిలో ఆకు రాల్చుకుని ఎండను తట్టుకుంటుంది. వేసవి చివర పూసి, వానలు పడినకొద్దీ కాయ ఊరుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు కాపు. మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరుమీద ఒక సీతాఫలం రకమే ఉద్యానశాస్త్ర గ్రంథాలలో నిలిచిపోయింది. ఆ ఊరు హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారిమీద షాద్‌నగర్‌కు, జడ్చర్లకు నడుమ ఉన్నది. కాపుకాలంలో గుట్టలమీద కాయ ఏరితెచ్చిన స్త్రీలు ఆ రహదారి పక్కన గంపలతో కూర్చుంటారు. సాగునీరు లేని ఇళ్ళకు ఆ రెండు నెలల రాబడి చిన్నదేమీ కాదు.

సీతాఫలం ముదిరిందనడానికి గుర్తు దాని కళ్ళు. పైనున్న గుబ్బల నడుమ గాళ్ళు విప్పారి లేతపసుపు తొంగిచూస్తే కాయ కోతకు వచ్చినట్లు. అటువంటి కాయ రెండు మూడు రోజులలో మెత్తబడుతుంది. కళ్ళు విచ్చకముందే కోసిన కాయ నల్లబడి గట్టిపడుతుంది తప్ప సరిగా పండదు. మెత్తబడిన పండు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. బాగా చల్లని గిడ్డంగిలో దాచితే తొక్క నల్లబారుతుంది. వ్యాపారి దృష్టిలో ఇవన్నీ లోపాలు. తినేవారి వైపునుంచి చూస్తే ఈ లోపాలే దాని రుచిని కాపాడాయి. నిలవలేని పండు కనుక అది ఎక్కువ దూరం పోలేదు. పోలేదు కనుక దానిని పసరుకాయగా కోయవలసిన అవసరం వ్యాపారికి అంతగా కలగలేదు.

మామిడి అదృష్టం వేరు. దానిని అర్థం చేసుకోవడానికి ముందు ఒక భేదం తెలియాలి. మామిడి, అరటి, సపోట, జామ, సీతాఫలం వంటివి ముదిరిన తరువాత కోస్తే చెట్టునుంచి విడివడి కూడా పండగలవు. బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ అలా కాదు. కోసిన క్షణానికి ఎంత తీపి ఉంటే అంతే. మొదటి తెగలోని మామిడి ఎదిగే దశలో ఆకులు పంపిన చక్కెరను పిండిపదార్థంగా మార్చి దాచుకుంటుంది. పక్వానికి వచ్చినప్పుడు ఇథిలీన్ అనే వాయువును తానే పుట్టించుకుంటుంది. ఆ సంకేతం అందగానే పిండి చక్కెర అవుతుంది, పులుపు తగ్గుతుంది, కండ మెత్తబడుతుంది, ఎన్నో సువాసన పదార్థాలు పుడతాయి. నాలుకకు తెలిసేది తీపి, పులుపు వంటి కొద్ది రుచులే. ఇది బంగినపల్లి, ఇది దసేరి అని పోల్చి చెప్పేది ముక్కు. బంగినపల్లి పిందె ముదరడానికి మూడు నెలలకు పైగా పడుతుంది. ఆ గడువుకు ముందే కోసిన కాయలో దాచుకున్న పిండి తక్కువ. దాచనిది చక్కెరగా మారదు.

అయితే గడువుకు ముందు ఎందుకు కోస్తున్నారు? ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని కొల్లాపూర్ ప్రాంతం మామిడితోటలకు పేరుపొందినది. అక్కడైనా మరెక్కడైనా మార్చిలో మొదటగా మార్కెటుకు చేరిన కాయకు పలికే ధర మే నెలలో పలకదు. పైగా చాలా తోటలు పూత దశలోనే గుత్తకు పోతాయి. గుత్తదారుకు గాలివాన భయం, వడగండ్ల భయం, తెచ్చిన అప్పుమీద పెరిగే వడ్డీ భయం. ఒకే చెట్టుమీద వేర్వేరు వయసుల కాయ ఉన్నా, కూలి కలిసివస్తుందని అంతా ఒకేసారి దులుపుతాడు. భుజాలు నిండని కాయ, నీటిలో వేస్తే మునగని కాయ కూడా ఆ పెట్టెలోనే చేరుతుంది. ఇక్కడ రైతును నిందించడం సులభం, న్యాయం మాత్రం కాదు. ఒక్క రాత్రి ఈదురుగాలికి సంవత్సరపు పంట నేలరాలిన తోటలో నిలబడినవానికి రుచి గురించి చెప్పడం కష్టం.

ఆ పసరుకాయకు రంగు తెప్పించడానికి వచ్చినదే కాల్షియం కార్బైడ్. తేమ తగిలితే అది ఎసిటిలీన్ వాయువును విడుస్తుంది. ఆ వాయువు ఇథిలీన్‌ను అనుకరించి తొక్కను పసుపుగా మారుస్తుంది. లోపలి కండ మాత్రం వెనుకబడే ఉంటుంది. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండవచ్చు కనుక పండ్లు మాగవేయడానికి దాని వాడకం నిషిద్ధం. 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలలో ఈ నిషేధం స్పష్టంగా ఉన్నది. అయినా వాడకం ఆగకపోవడంతో 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు పత్రికావార్తల ఆధారంగా తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు చేపట్టింది. 2016లో ఇథిలీన్ వాయువును పదిలక్షల భాగాలకు 100 భాగాల వరకు వాడడానికి కేంద్ర ఆహారభద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది. ఇక్కడ ఒక అపోహ తొలగాలి. గదిలో పెట్టి పట్టించిన ఇథిలీన్, కాయ తనంతట పుట్టించుకునే ఇథిలీన్ ఒకటే. బాగా ముదిరిన కాయను ఆ గదిలో పెట్టడం దాదాపు వరిగడ్డిలో కావు వేయడం వంటిదే. ముదరని కాయకు ఏ వాయువూ రుచిని తెచ్చిపెట్టలేదు. జనం నేరమంతా పొడిమీద మోపి, కోతను మరచిపోతున్నారు.

నల్లగొండకు పేరు తెచ్చిన బత్తాయి విషయంలో చిక్కు మరొకటి. రైతులు కొన్నాళ్ళు నీరు ఆపి చెట్టును బెట్టకు గురిచేసి, తిరిగి తడి ఇచ్చి పూత రప్పిస్తారు. పూతనుంచి కోతకు ఎనిమిది, తొమ్మిది నెలలు. బోరుబావిని నమ్ముకుని అన్ని నెలలు చెట్టును నిలబెట్టడం ఈ జిల్లాలో తేలిక కాదు. కరువు సంవత్సరాలలో కాపుకు వచ్చిన తోటలే ఎండిపోయి నరికివేతకు గురయ్యాయి. అంత కష్టపడి పండించిన బత్తాయి, లోపల తీపెక్కినా, పైకి చాలావరకు ఆకుపచ్చగానే ఉంటుంది. తొక్క పసుపెక్కాలంటే చలిరాత్రులు కావాలి. అవి ఇక్కడ తక్కువ. దూరప్రాంతపు కొనుగోలుదారులు పసుపురంగునే పక్వతకు గుర్తుగా భావిస్తారు. అందుకని కొన్నిచోట్ల బత్తాయికి, నారింజకు ఇథిలీన్ పట్టించి తొక్కలోని పచ్చదనం పోగొడతారు. రంగు మారుతుంది, తీపి ఒక్క పిసరు కూడా పెరగదు. పచ్చటి తొక్కను చూసి ముఖం తిప్పుకునేవారు మంచి పండునే వదులుకుంటున్నారు. మంచి బత్తాయిని చేతిలోకి తీసుకుంటే పరిమాణాన్ని మించిన బరువు తోస్తుంది.

దూరం తెచ్చిన మరో మార్పు చలిగిడ్డంగి. ఆగస్టు నుంచి అక్టోబరులోగా కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్‌లలో కోసిన ఆపిల్‌ను ప్రాణవాయువు తగ్గించిన శీతల గదులలో నెలల తరబడి నిలవ చేస్తారు. కరకర నిలుస్తుంది, పరిమళం క్రమంగా సన్నగిల్లుతుంది. మామిడి, అరటి వేడిసీమ ఫలాలు. సుమారు 13 డిగ్రీలకు తక్కువైన చలిలో అవి దెబ్బతింటాయి. టమాటను గూర్చి ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన పరిశోధన, 5 డిగ్రీల చలిలో వారంరోజులు ఉంచితే సువాసనను పుట్టించే జన్యువులే మందగిస్తాయని తేల్చింది. అంతకు ముందే 2012లో మరొక విషయం బయటపడింది. కాయ అంతా ఒకే రంగులో పండాలని దశాబ్దాలుగా ఎంపిక చేసిన టమాట రకాలలో, చక్కెరను పెంచే ఒక జన్యువు పనిచేయకుండా పోయిందట. అందం కోసం చేసిన ఎంపికలో రుచి తెలియకుండానే జారిపోయింది.

ఋతువును అనుసరించి తినడం ఒక వ్రతం కాదు. రోగికి పండు ఏ నెలలో కావాలో ఋతువు నిర్ణయించదు. కాని కొనేవారి ఓర్పుకు మార్కెట్‌లో విలువ ఉన్నది. మార్చి మామిడికి ఎగబడేవారు తగ్గితే తొందరకోతలో ఉన్న లాభం తగ్గుతుంది. పంట విరగకాసి ధర పడిపోయిన వారాలలోనే పండు నిజంగా బాగుంటుంది. అప్పుడు కొనేవారు పెరిగితే రైతుకు కొంత ఊరట. సీతాఫలానికి ఇప్పుడు మరో ఆపద వచ్చింది. రహదారి వెంబడి గుట్టలు కంకరగా మారుతున్నాయి, చెల్కలు ఇళ్ళస్థలాలవుతున్నాయి. గుట్ట పోతే దానిమీద ఏరుకునేవారి రాబడి కూడా పోతుంది. కొందరు రైతులు సీతాఫలాన్ని అంటుమొక్కలతో తోటగా వేస్తున్నారు. నాటిన మూడు నాలుగేళ్ళకు కాపు మొదలవుతుంది. నీరు, ఎరువు అందడంతో కాయ పెద్దదవుతుంది. కళ్ళు విచ్చేవరకు కోయకుండా ఆగవలసిన నియమం మాత్రం తోటలోను మారలేదు.