విద్యుత్ బట్టీలో నల్ల కుండ వస్తుందా?

సాలువాకు ఉత్తరాన, బాంకురా జిల్లా పాంచ్‌మురా కుమ్మరులు ఎర్ర గుర్రాలు, నల్ల గుర్రాలు రెండూ చేస్తారు. రంగు తేడా గాలి వల్లే. ఆవంలోకి గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది. రంధ్రాలు మూసేస్తే ఆక్సిజన్ అందదు. పొగలోని కార్బన్ చేరి మట్టి నల్లబడుతుంది.

విద్యుత్ బట్టీలో మంట, పొగ ఉండవు. అందుకే కుండ ఎర్రగానే వస్తుంది. నలుపు కోసం అందులోనే పొగపెడితే వేడినిచ్చే తీగలు త్వరగా పాడవుతాయి. కాబట్టి పనిని రెండు దశల్లో చేయాలి.

1. బాగా ఆరిన కుండను బట్టీలో నెమ్మదిగా వేడిచేసి, సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చండి. 100 డిగ్రీల దగ్గర తొందరపడితే లోపలి తడి ఆవిరై కుండ పగులుతుంది.

2. చల్లారాక, ఆరుబయట ఇనుప డబ్బాలో రంపపు పొట్టు మధ్య కుండను పూడ్చి, పైన అంటించి, రాజుకున్నాక మూత పెట్టండి.

పొగ పట్టినచోట నలుపు, గాలి తగిలినచోట ఎరుపు. ఏ రెండు కుండలూ ఒకేలా ఉండవు. ఇవి అలంకరణకే, వంటకు కాదు.