కారు అద్దం పగలగొట్టి పోయారా? ఏది ముందు, ఏది వెనక

పక్క అద్దం పగిలిన కారును బాగు చేయించడమంటే కొత్త అద్దం వేయించుకోవడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అద్దం బిగించడం ఈ పనిలో అన్నిటికంటే తేలిక. దానికి ముందు పోలీసు కాగితం ఉంది, ఇన్సూరెన్సు లెక్క ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా తలుపు లోపలికి జారిపోయిన గాజు ఉంది. ఈ మూడూ వదిలేసి నేరుగా షాపుకి పరిగెత్తితే అద్దం ఆ రోజే పడుతుంది, తలనొప్పులు నెల తర్వాత ఒక్కొక్కటే మొదలవుతాయి. దొంగ ఏదో అలికిడికి సగంలోనే పారిపోయాడనీ, మీకు ఈ అనుభవం మొదటిసారనీ అనుకుని చెబుతున్నాను.

ముందు ఫోన్ తీయండి, చీపురు తర్వాత

తలుపు తెరవకుండా కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి. నంబరు ప్లేటుతో మొదలుపెట్టి, ఆపకుండా పగిలిన అద్దం దాకా, అక్కణ్నుంచి లోపలి సీట్ల దాకా రావాలి. రాయో ఇనుప ముక్కో కనబడితే ఉన్నచోటే ఉంచి ఫోటో తీయండి, చేత్తో పట్టుకోకండి. ఎదురింటి గేటు మీదో, మూల మీది కిరాణా కొట్టు మీదో సీసీ కెమెరా ఉంటే ఆ రోజే వెళ్లి అడగండి. రికార్డర్‌లో చోటు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతాయి.

తర్వాత లోపల చూడండి. ల్యాప్‌టాప్ పోతే ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. డాష్‌బోర్డు అరలో పడేసి మరిచిపోయిన రెండో తాళం చెవి పోతే తెలియదు. అది పోయిందంటే అద్దం సంగతి పక్కన పెట్టి ముందు తాళాల గురించి ఆలోచించాలి. ఆర్‌సీ, చెక్కుబుక్కు, అపార్ట్‌మెంటు గేటు రిమోటు ఉన్నాయో లేదో చూసుకోండి. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ మూత లాగి ఉందా, తాళం రంధ్రం వంకర పోయిందా, రాడ్డు పెట్టి ఎత్తినట్టు తలుపు పై అంచు వంగిందా అనేవి కూడా ఇప్పుడే చూడాలి. తలుపు అంచు వంగితే అది డెంటింగ్ పని. దాన్ని సరిచేయకుండా కొత్త అద్దం వేస్తే గాలీ నీరూ లోపలికి వస్తూనే ఉంటాయి.

స్టేషన్‌లో ఏం అడగాలి

112కి ఫోన్ చేయవచ్చు, నేరుగా స్టేషన్‌కీ వెళ్లవచ్చు. ప్రయాణంలో ఉండగా జరిగితే, ఆ చోటు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో తెలియకపోయినా దగ్గరున్న స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ వీలు ఇస్తోంది. అదే సెక్షన్ కింద ఆన్‌లైన్‌లోనూ సమాచారం పంపవచ్చు, కాకపోతే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ అయితే దాని ప్రతి మీకు ఉచితంగా ఇవ్వాలి.

ఏమీ పోలేదు, అద్దం మాత్రమే పగిలింది అన్నప్పుడు ఎఫ్‌ఐఆర్ దాకా పోకుండా అర్జీ తీసుకుని జనరల్ డైరీలో రాసి ఊరుకోవడం మామూలే. దాని మీద వాదన పెట్టుకుని సగం రోజు పోగొట్టుకోవద్దని నా సలహా. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. అర్జీలో 'అద్దం పగిలింది' అని రాసి వదిలేయకుండా, 'దొంగతనం చేయబోయి అద్దం పగలగొట్టారు' అని స్పష్టంగా రాయండి. తాళం చెవో ఆర్‌సీయో పోయి ఉంటే మాత్రం ఆ సంగతి అర్జీలోకి ఎక్కి తీరాలి. డూప్లికేట్ ఆర్‌సీ కావాలంటే రవాణా శాఖ ఆఫీసులో మొదట అడిగేది ఈ కాగితమే.

క్లెయిమ్ చేయాలా, జేబులోంచి పెట్టుకోవాలా?

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఈ ఖర్చు రాదు. సొంత వాహన నష్టానికి కూడా వర్తించే పాలసీ ఉంటే వస్తుంది. మామూలుగా పాత కారు భాగాలకు తరుగుదల కోస్తారు గానీ గాజుకు కోయరు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం, తరుగుదల కోయకుండా చూసే జీరో డెప్ కవర్ లేకపోతే సగం కోత పడుతుంది. ఇవి కాక ప్రతి క్లెయిమ్‌లోనూ మీ వాటాగా 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, అంతకు పైబడితే 2,000 రూపాయలు మినహాయిస్తారు.

ఇంతవరకూ బాగానే ఉంది, అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్‌కి తగులుతుంది. మీ సొంత నష్టం ప్రీమియం 8,000 అనుకుందాం. అయిదేళ్లుగా క్లెయిమ్ లేనందువల్ల 50 శాతం బోనస్‌తో 4,000 కడుతున్నారు. అద్దం బిల్లు 4,500 అయింది. క్లెయిమ్ చేస్తే మీ వాటా 1,000 పోను 3,500 వస్తుంది. వచ్చే ఏడాది బోనస్ సున్నాకి పడిపోయి ప్రీమియం 4,000 పెరుగుతుంది. ఆ పై ఏడాది బోనస్ 20 శాతమే కాబట్టి మళ్లీ 2,400 ఎక్కువ. మూడున్నర వేలు తీసుకుని మొదటి ఏడాదే అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నట్టు. మామూలు చిన్న కారులో ఒక్క డోర్ గ్లాస్ కోసం క్లెయిమ్ జోలికి పోకపోవడమే మేలని నేనంటాను. అద్దంతో పాటు తలుపు వంగినా, తాళాలు మార్చాల్సి వచ్చినా, పెద్ద కారు అయినా లెక్క తిరగబడుతుంది. బోనస్‌ను కాపాడే అదనపు కవర్ కొన్ని పాలసీల్లో ఉంటుంది, కొన్ని కంపెనీలు గాజు క్లెయిమ్‌ను బోనస్ లెక్కలోకే తీసుకోవు. మీ పాలసీ కాగితంలో ఏముందో చూసి నిర్ణయించుకోండి.

క్లెయిమ్ చేయాలనుకుంటే, కంపెనీ వాళ్లు సరేననేదాకా అద్దం మార్పించవద్దు. కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందే బాగు చేయించిన బండికి డబ్బు రాబట్టడం చాలా కష్టం. కారులో పెట్టిన సొంత వస్తువులు మామూలు పాలసీ కిందికి రావన్నది కూడా గుర్తుంచుకోండి.

శుభ్రం చేసి కప్పడం

పక్క అద్దాలు టఫెన్డ్ గాజు. బాగా వేడిచేసి ఒక్కసారిగా గాలితో చల్లబరిచి తయారు చేస్తారు. అందువల్ల పైపొర బిగుసుకుపోయి, లోపలి పొర లాగిపెట్టినట్టు ఉంటుంది. ఎక్కడో ఒక్కచోట పైపొర దెబ్బతింటే చాలు, పట్టు తప్పి అద్దమంతా పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. పెద్ద పెచ్చులై గుచ్చుకోకుండా చేసిన ఏర్పాటు ఇది. అయినా పలుకుల అంచులు కోస్తాయి. చేతికి మందపాటి గ్లవ్స్, కాళ్లకు బూట్లు వేసుకోండి.

పవర్ విండో స్విచ్ నొక్కకండి. తలుపును దఢాలున వేయకండి. డాష్‌బోర్డు మీది పలుకులు తీసేదాకా ఏసీ వేయకండి, రంధ్రాల్లో పడ్డ గాజు గాలికి మొహం మీదికి లేస్తుంది. పెద్ద ముక్కలు ఏరి, మిగతాది వాక్యూమ్‌తో లాగాలి. సీటు మడతలు, సీటు బెల్టు బకిల్, సీటు జరిగే పట్టాలు మరిచిపోయే చోట్లు. సన్నటి రజను తడిపిన న్యూస్‌పేపర్‌తో అద్దితే అంటుకు వస్తుంది. చిన్నపిల్లల సీటు ఉంటే బట్ట విప్పి దులపండి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఆ సీటు వాడకండి.

షాపుకి వెళ్లేదాకా మందపాటి పాలిథీన్ కప్పవచ్చు. ప్యాకింగ్ టేపు ఎండకు రంగును పట్టుకుని ఊడదు, రంగు వేసేవాళ్లు వాడే మాస్కింగ్ టేపు నయం. పై అంచును టాపు మీదిదాకా మడిచి అంటిస్తే వాన నీరు బయటికే జారుతుంది. ముందు తలుపు అయితే పాలిథీన్ మీకు సైడ్ మిర్రర్ కనబడనివ్వదు. అలా నడపవద్దు. షాపతన్ని ఇంటికే పిలిపించుకోవడం మంచిది.

సరైన అద్దం ఏది?

టఫెన్డ్ గాజును ఒకసారి తయారయ్యాక కోయడానికీ, రంధ్రం చేయడానికీ, అతకడానికీ వీలుండదు. కాబట్టి రిపేరు అనే మాటే లేదు, మార్చడమే. 'కొలత తీసుకుని గాజు కోసి వేస్తాం' అని ఎవరైనా అన్నారంటే వాళ్లు వేయబోయేది కారు కోసం చేసిన టఫెన్డ్ గాజు కాదు. కిటికీకి వేసే మామూలు గాజే అయితే, ప్రమాదంలో అది కత్తుల్లా విరుగుతుంది.

ఏ అద్దం కావాలో తెలుసుకోవడానికి పగలని రెండోవైపు అద్దం మూలన చూడండి. చిన్న అచ్చులో తయారీదారు పేరు, ఐఎస్‌ఐ గుర్తు, గాజు రకం ఉంటాయి. మన కార్లలో ఎక్కువగా కనబడేవి అసాహీ ఇండియా, సెయింట్ గోబెయిన్ సెక్యురిట్. కొన్ని ఖరీదైన మోడళ్లలో శబ్దం తగ్గడానికి ముందు తలుపులకు రెండు పొరల లామినేటెడ్ గాజు వస్తోంది. అలాంటి కారుకు టఫెన్డ్ వేస్తే చవకే గానీ సరైన జోడీ కాదు. ఒకే పేరుతో వచ్చే కారుకు పాత రూపంలో, కొత్త రూపంలో అద్దాలు వేరుగా ఉండవచ్చు. 17 అక్షరాల చాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తెప్పించుకోండి.

ఎక్కడ కొనాలి? కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ధర ఎక్కువ, ఆలస్యమూ కావచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల బజారు, విజయవాడ వైపు వాళ్లకు ఆటోనగర్ అందుబాటులో ఉన్నాయి. తక్కువ అమ్ముడయ్యే మోడళ్లకు సెకండ్ హ్యాండ్ అద్దం తీసుకోవడంలో తప్పు లేదు, అంచున పెచ్చు లేకుండా ఉండాలి, బిల్లు ఇవ్వాలి. బిల్లు ఇవ్వనివాడి దగ్గర మాత్రం వద్దు. ఆ అద్దం ఇంకెవరి కారు నుంచి వచ్చిందో మీకెలా తెలుస్తుంది? 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. పాత అలవాటున 28 వేసిన ఎస్టిమేటు వస్తే అడగండి.

తలుపు విప్పినప్పుడు పక్కనే నిలబడండి

మెకానిక్ ముందు డోర్ ప్యాడ్ విప్పుతాడు. దాని వెనక పలచటి ప్లాస్టిక్ షీటు, ఆ వెనక అద్దాన్ని ఎత్తి దించే మెషీన్, మోటారు ఉంటాయి. పగిలిన గాజులో చాలా భాగం ఈ గుంతలోనే పడి ఉంటుంది. మీరు చూడకపోతే వదిలేసే పని ఇదే. తలుపు అడుగుదాకా వాక్యూమ్ పెట్టించండి. కింది అంచున నీళ్లు పోయే సన్నటి రంధ్రాలు ఉంటాయి, అవి గాజుతో పూడుకుంటే వాన నీరు లోపలే నిలిచి తలుపు అడుగు నుంచి తుప్పు పడుతుంది. అద్దం జారే రబ్బరు బీడింగు గాడిలో ఒక్క పలుకు మిగిలినా కొత్త అద్దం మీద నిలువు గీత పడుతుంది. బీడింగు తెగి ఉంటే ఇప్పుడే మార్పించండి, అద్దం ధరతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

కొన్ని కార్ల తలుపుల్లో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉంటుంది. ప్యాడ్ విప్పి ఉన్నంతసేపూ ఇగ్నిషన్ ఆన్ చేయనివ్వకండి. విరిగిన క్లిప్పుల స్థానంలో కొత్తవి వేయమనండి, లేకపోతే స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ప్యాడ్ లొడలొడమంటుంది. ప్లాస్టిక్ షీటును చింపి పారేయకుండా తిరిగి అంటించాలి. పగిలింది తలుపు అద్దం కాక, వెనక అంటించి ఉండే చిన్న క్వార్టర్ గ్లాస్ అయితే, గమ్ ఆరేదాకా బండి కదపకూడదు. ఎంతసేపో బిగించినతన్ని అడిగి, అంతసేపూ ఆగండి.

డబ్బు ఇచ్చే ముందు

అద్దాన్ని నాలుగైదు సార్లు పైకీ కిందికీ నడపండి. ఒకవైపు ముందు పోయి మరోవైపు వెనకబడితే అమరిక కుదరలేదన్నమాట. ఒక్కసారి నొక్కితే పూర్తిగా లేచే ఆటో అద్దం మధ్యలో ఆగిపోతే సాధారణంగా దాన్ని రీసెట్ చేస్తే సరిపోతుంది. చాలా కార్లలో అద్దాన్ని పూర్తిగా మూసి, స్విచ్‌ను కొన్ని సెకన్లు పైకి పట్టుకుని ఉంచాలి, మీ కారు పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. పైపుతో తలుపు మీద నీళ్లు పోయించి లోపల తడి చూడండి.

ఇక్కడే 'సన్ ఫిల్మ్ వేద్దామా సార్' అన్న ప్రశ్న వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వది పక్క అద్దాల నుంచి కనీసం 50 శాతం, ముందు వెనక అద్దాల నుంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలంటుంది. నల్ల ఫిల్ములు అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే తప్పుపట్టింది. దొంగకు లోపలి బ్యాగు కనబడకూడదనుకుంటే బ్యాగును డిక్కీలో పెట్టండి, అదీ కారు ఆపే చోట కాకుండా బయల్దేరే ముందే.

బిల్లులో అద్దం పార్ట్ నంబరు, కూలీ విడివిడిగా రాయించుకోండి. మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు ఆ తలుపు పక్క మ్యాటు ఎత్తి చూడండి. తడిగా ఉంటే డోర్ ప్యాడ్ వెనకాల ప్లాస్టిక్ షీటు సరిగా అంటించలేదని మొదటి అనుమానం. బిల్లు చూపించి మళ్లీ చేయించుకోండి, కూలీ ఇవ్వనక్కర్లేదు.