మనసు గెలిచిన బాక్సర్లు – మహావీరులు ఎందుకు కాలేకపోయారు?

క్రీడల చరిత్రలో గెలిచినవారి పేరే ముందు ఉంటుంది. కానీ చూసిన జనం గుండెల్లో మిగిలేది ఎప్పుడూ గెలిచినవారే కాదు. ఈ తేడా బాక్సింగ్‌లో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. జో లూయీ, షుగర్ రే రాబిన్సన్, మహమ్మద్ అలీ గొప్పవారని లోకమంతా ఒప్పుకుంటుంది. వారి పక్కనే ఇంకో రకం బాక్సర్లు ఉన్నారు. వారి పోటీ అంటే జనం ఎగబడి వచ్చేవారు. ఓడిపోయినా నిలబడి చప్పట్లు కొట్టేవారు. అయినా వారిని మొదటి వరుసలో ఎవరూ కూర్చోబెట్టలేదు. ఎందుకని? అలాంటి ఐదుగురి జీవితాలు చూస్తే జవాబు మనకే తెలుస్తుంది.

ముందుగా నియమాలు

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. అది ఒలింపిక్స్ తరహా బాక్సింగ్. అందులో పోటీకి మూడు రౌండ్లే. డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్ వేరు. అక్కడ పురుషుల టైటిల్ పోటీ అంటే 12 రౌండ్లు, ఒక్కో రౌండ్ మూడు నిమిషాలు. ఒకప్పుడు 15 రౌండ్లు ఉండేవి. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 మార్కులు వేస్తారు. కింద పడితే ఇంకో మార్కు పోతుంది. ముగ్గురు జడ్జీలు ఎవరి లెక్క వారు వేస్తారు. పడినవాడు పది లెక్కపెట్టేలోగా లేవకపోతే అది నాకౌట్.

గొప్ప బాక్సర్ అని ఎవరిని అనాలి? పెద్దలు మూడు విషయాలు చూస్తారు. ఒకటి, తన కాలంలోని మేటివారిని ఓడించాడా? రెండు, పై స్థాయిలో చాలాకాలం నిలిచాడా? మూడు, దెబ్బ కొట్టడంతో పాటు దెబ్బ తప్పించుకోవడం తెలుసా? మన ఐదుగురూ ఎక్కువగా ఈ మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయారు.

1. ఆర్తురో గాటీ

ఇటలీలో 1972లో పుట్టి, కెనడాలోని మాంట్రియల్‌లో పెరిగి, అమెరికాలోని న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. 1995లో ఒకసారి, 2004లో బరువు పెరిగాక మరోసారి ప్రపంచ టైటిల్ గెలిచాడు. మొత్తం 49 పోటీల్లో 40 గెలుపులు, 9 ఓటములు. జనం గుర్తు పెట్టుకున్నది ఈ అంకెలను కాదు. 1996లో విల్సన్ రోడ్రిగెజ్‌తో పోటీలో కళ్లు వాచి మూసుకుపోయే స్థితిలో, ఒకసారి కింద పడి లేచి, ఆరో రౌండ్‌లో ఎదుటివాడిని పడగొట్టాడు. గాటీ ఎన్ని దెబ్బలు తింటే పోటీ అంత రంజుగా ఉండేది.

2005 జూన్‌లో ఫ్లాయిడ్ మేవెదర్ ఎదుట నిలబడ్డాడు. మేవెదర్‌ది తప్పించుకోవడంలో ఆరితేరిన విద్య. ఆరు రౌండ్లలో గాటీ గుద్దులు గాలిలోకే పోయాయి, మేవెదర్ గుద్దులు ముఖానికి తగిలాయి. ఆరో రౌండ్ తర్వాత గాటీ శిక్షకుడే పోటీ ఆపించాడు. గొప్పతనానికీ వినోదానికీ మధ్య దూరం ఎంతో ఆ రాత్రి లోకం చూసింది. మేవెదర్ 2017లో ఒక్క ఓటమి కూడా లేకుండా 50 గెలుపులతో ఆట ముగించాడు. అయినా అతని పోటీలు చప్పగా ఉంటాయని విసుక్కున్నవారు చాలామంది. గాటీ పోటీ చప్పగా ఉందని అన్నవారు అరుదు.

గాటీ 2009లో బ్రెజిల్‌లో చనిపోయాడు. 2013లో అతన్ని అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అతనికి ఆ అర్హత ఉందా లేదా అనే వాదన మాత్రం ఆగలేదు.

2. మికీ వార్డ్

మసాచుసెట్స్‌లోని లోవెల్ అనే మిల్లుల ఊరివాడు. 1991 నాటికి వరుసగా ఓడిపోయి ఆట మానేశాడు. కొన్నేళ్లు రోడ్లు వేసే పని చేసుకుని మళ్లీ రింగ్‌లోకి వచ్చాడు. పక్కటెముకల కింద ఎడమచేత్తో గుద్దే గుద్దు అతని ఆయుధం. పెద్ద సంస్థల ప్రపంచ టైటిల్ ఏదీ అతనికి దక్కలేదు.

గాటీతో అతను మూడుసార్లు తలపడ్డాడు. 2002 మేలో మొదటి పోటీ. తొమ్మిదో రౌండ్ మొదట్లోనే వార్డ్ గుద్దుకు గాటీ కూలబడి, లెక్క ముగియకముందే లేచాడు. ఆ తర్వాత ఆ మూడు నిమిషాల్లో ఎవరు గెలుస్తున్నారో మాటిమాటికీ మారిపోయింది. చివరికి ఇద్దరు జడ్జీలు వార్డ్‌కు ఇచ్చారు, ఒకరు సమానమన్నారు. అదే ఏడాది నవంబర్‌లోనూ 2003 జూన్‌లోనూ గాటీ గెలిచాడు. మూడో పోటీలో కుడిచేయి విరిగినా చివరిదాకా ఆడాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. 2007లో గాటీ ఆఖరి పోటీకి శిక్షణ ఇచ్చింది వార్డే. వార్డ్ జీవితం మీద 2010లో ‘ది ఫైటర్’ అనే సినిమా వచ్చింది.

3. ఎర్నీ షేవర్స్

హెవీవెయిట్ బాక్సర్లలో ఇంత బలమైన గుద్దు మరొకరికి లేదని అతని చేతి దెబ్బ తిన్నవారే చెప్పేవారు. దాదాపు 70 పోటీలను నాకౌట్‌తో ముగించాడు. 1977లో అలీని రెండో రౌండ్‌లోనే ఊపేశాడు. అలీ తనకేమీ కానట్టు నటించి గండం గడుపుకొని, 15 రౌండ్ల తర్వాత మార్కులతో గెలిచాడు. 1979లో లారీ హోమ్స్‌ను ఏడో రౌండ్‌లో పడగొట్టాడు. హోమ్స్ లేచి 11వ రౌండ్‌లో పోటీ ముగించాడు. షేవర్స్‌కు ఉన్నది బలం, లేనిది దమ్ము. మొదటి కొన్ని రౌండ్లలో పని కాకపోతే అలసిపోయేవాడు. చాంపియన్ కాకుండానే వెళ్లిపోయాడు. 2022లో మరణించాడు.

4. జార్జి చువాలో

కెనడాలోని టొరంటో నగరానికి చెందినవాడు. 93 ప్రొఫెషనల్ పోటీల్లో ఒక్కసారి కూడా కింద పడలేదు. 1966లో అలీతో ఆడవలసిన ఎర్నీ టెరెల్ తప్పుకోవడంతో ఆ అవకాశం చువాలోకు వచ్చింది. 15 రౌండ్లూ అలీకి ఎదురు నిలిచాడు. జో ఫ్రేజియర్, జార్జి ఫోర్‌మన్‌ల చేతుల్లో ఓడినప్పుడు కూడా నిలబడే ఉన్నాడు, రిఫరీయే ఆపాడు. పడకపోవడం వేరు, గెలవడం వేరు. పై వరుసవారిని ఓడించే మెళకువ అతనికి లేకపోయింది.

రింగ్ బయట పడిన దెబ్బలు ఇంకా పెద్దవి. మత్తుమందుల వ్యసనం వల్ల ముగ్గురు కొడుకులను పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత బడి బడికీ తిరిగి, తన ఇంటి కథే చెప్పి పిల్లలను హెచ్చరించాడు. బాక్సర్‌గా కంటే ఈ పనికే అతనికి ఎక్కువ గౌరవం దక్కాలని మా అభిప్రాయం.

5. జెర్రీ క్వారీ

ఎదుటివాడు ముందుకొస్తే కాచుకుని తిప్పికొట్టడం క్వారీకి సహజంగా వచ్చిన విద్య. ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను, రాన్ లైల్‌ను ఓడించాడు. 1973లో షేవర్స్‌ను మొదటి రౌండ్‌లోనే పడగొట్టాడు. కానీ 1969లో ఫ్రేజియర్‌తో పోటీలో తన విద్య పక్కనపెట్టి ఎదురెదురుగా నిలబడి గుద్దులాటకు దిగాడు. జనం వెర్రెత్తిపోయారు. ఏడు రౌండ్ల తర్వాత కంటి దగ్గర గాయంతో పోటీ ఆగిపోయింది. 1992లో 47 ఏళ్ల వయసులో కూడా మళ్లీ రింగ్‌లోకి దిగి ఓడిపోయాడు. తలకు తగిలిన దెబ్బలతో మెదడు దెబ్బతిని, చివరి రోజుల్లో తన పనులు తాను చేసుకోలేని స్థితికి వచ్చి 1999లో 53 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ రోజు చప్పట్లు కొట్టినవారెవరూ చివరికి తోడు రాలేదు. చూసుకున్నది ఇంటివారే.

దీని నుంచి మనం నేర్చుకునేది

గాటీని, వార్డ్‌ను, క్వారీని జనం ఎందుకు మెచ్చారో, వారు ఎందుకు గొప్పవారు కాలేకపోయారో రెండింటికీ కారణం ఒక్కటే. వారికి దెబ్బలు తగిలేవి. దెబ్బ తగిలితేనే లేచే ధైర్యం కనబడుతుంది. తప్పించుకోవడం బాగా వచ్చినవాడికి లేచే అవసరమే తక్కువ. అందుకే అతని ఆట చప్పగా అనిపిస్తుంది. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ, రే మాన్సినీతో 14 రౌండ్లు పోరాడి, తలకు తగిలిన గాయంతో కొద్దిరోజుల్లో చనిపోయాడు. ఆ తర్వాతే టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించడం మొదలైంది. చూసేవారి వినోదానికి ఆడేవారు చెల్లించే ధర అది.

ఈ మాట మన హాస్టల్ పిల్లలకు ఎందుకు? మనల్ని కూడా లోకం ఇలాగే మెచ్చుకుంటుంది. ‘పాపం, ఎన్ని కష్టాలు పడి చదివాడో’ అంటారు. ఆ మెప్పు మంచిదే. కానీ కష్టాలకు ఓర్చుకోవడమే మన గొప్ప అని మనం అనుకోకూడదు. జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా పరీక్ష రాయడం, లెక్కలు అర్థం కాకపోయినా అడగకుండా రాత్రంతా బట్టీ పట్టడం, రావలసిన స్కాలర్‌షిప్ రాకపోయినా నోరు మూసుకుని ఉండడం – ఇవన్నీ చేతులు దించి దెబ్బలు తినడమే. అడగవలసినచోట అడగడం, ముందుగా సిద్ధపడడం, ఒంటిని చూసుకోవడం – ఇవి గడ్డం ముందు చేతులు అడ్డం పెట్టుకోవడం. దీనికి చప్పట్లు పడవు. అయినా 12 రౌండ్లూ నిలబెట్టేది ఇదే.

గాటీని ప్రేమిద్దాం. పడి లేవడం అతని దగ్గర నేర్చుకుందాం. పడకుండా ఉండడం మేవెదర్ ఆట చూసి నేర్చుకుందాం.

స్టడీ అవర్‌లో చర్చించండి

1. చువాలో ఒక్కసారీ కింద పడలేదు. అయినా ప్రపంచ చాంపియన్ ఎందుకు కాలేకపోయాడు?
2. క్వారీ తనకు వచ్చిన విద్యను ఏ పోటీలో వదిలేశాడు? ఎవరి మెప్పు కోసం అని మీరు అనుకుంటున్నారు?
3. మీ చదువులో ‘చేతులు దించి దెబ్బలు తింటున్న’ సబ్జెక్టు ఏది? ఈ వారం దాని గురించి ఎవరిని అడుగుతారు?