ట్యాంకరు డ్రైవరు పరీక్ష: గ్రామమునకు కూడ ఒక పాఠము

హైదరాబాదు నుండి వరంగల్లు, ములుగు మీదుగా వచ్చు 163వ నంబరు జాతీయ రహదారి తాడ్వాయి అడవిని దాటి ఏటూరునాగారము చేరుచున్నది. అచ్చటినుండి ముల్లకట్ట వంతెనపై గోదావరిని దాటి ఛత్తీస్‌గఢ్ వైపు సాగిపోవుచున్నది. ఈ బాటను బస్సులు, సరుకు లారీలతోపాటు పెట్రోలు, డీజెలు మోయు ట్యాంకరు లారీలు కూడ నడచుచున్నవి. ఇసుక లారీ బోల్తాపడినచో ఇసుక రోడ్డుమీదనే కుప్పగా నిలుచును. ట్యాంకరు బోల్తాపడినచో అందలి సరుకు కాలువ వెంట పారును, ఆవిరియై గాలిలో వ్యాపించును, నిప్పు సోకినచో చుట్టునున్న వారినందరిని దహింపగలదు. అందుచేతనే అట్టి బండిని నడుపువానికి మామూలు లారీ లైసెన్సు చాలదని చట్టము విధించినది.

ఆ డ్రైవరు నేర్వవలసిన విషయములను ఈ వ్యాసమున వివరింపదలచినాము. పంచాయతి సభ్యులు దీనిని చదువుటకు రెండు కారణములున్నవి. ఈ వృత్తిని కోరు మన యువకులకు దారి చూపుట మొదటిది. ప్రమాదము జరిగినపుడు పోలీసులకన్న, అగ్నిమాపక దళముకన్న ముందుగా అచ్చటికి చేరువారు ఊరివారే గనుక, వారికి జాగ్రత్తలు తెలుపుట రెండవది. ఈ రెండవదియే ముఖ్యమని మా అభిప్రాయము.

అర్హతలు

రవాణా వాహనమును నడుపుటకు 20 సంవత్సరముల వయస్సు నిండియుండవలెను. అంతకుముందు కనీసము ఒక సంవత్సరము తేలిక వాహనపు లైసెన్సు కలిగియుండవలెను. వైద్యుని ధ్రువపత్రము కావలెను. వీనికి తోడు, అపాయకరమైన సరుకులు మోయు వాహనపు డ్రైవరుకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 9వ నియమము మరి రెండు అర్హతలు నిర్ణయించినది. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో ఒకదానిని, దానితోపాటు ఇంగ్లీషును చదువను వ్రాయను నేర్చియుండుట ఒకటి. ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలో మూడు దినముల శిక్షణ పొంది ఉత్తీర్ణుడగుట రెండవది.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. రవాణా వాహనముల డ్రైవర్లకు ఎనిమిదవ తరగతి చదువు ఉండవలెనను నిబంధన 2019లో తొలగింపబడినది. దీనిని విని ట్యాంకరుకు కూడ చదువు అక్కరలేదని తలచుట పొరపాటు. బండిలోని సరుకేమో, దానికి నిప్పంటినచో ఏమి చేయవలెనో కాగితముపై వ్రాసియుండును. చదువలేనివానికి ఆ కాగితము వలన ప్రయోజనము లేదు. కోయ భాష ఎనిమిదవ షెడ్యూలులో లేదు. కావున ఇంట కోయ మాటలాడు యువకుడు తెలుగును, ఇంగ్లీషును చదువ నేర్చుకొనుట మొదటి మెట్టు. ఈ లైసెన్సు 2019 నాటి చట్ట సవరణ ననుసరించి మూడు సంవత్సరములు మాత్రమే చెల్లును. పిమ్మట మరల పునరుద్ధరింపవలెను.

మొదటి రెండు దినముల పాఠము

మొదటి పాఠము అపాయమును ముందే ఊహించి బండి నడుపుట. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. ఎద్దు అడ్డము వచ్చినదని కన్ను చూచి, కాలు బ్రేకుపై పడులోపలనే అంత దూరము గడచిపోవును. వేగము రెండింతలైనచో, బ్రేకు పట్టిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. అడవి బాటలో రాత్రివేళ దీపపు వెలుగు పడునంత దూరములో ఆపలేని వేగము తగని వేగమే.

సరుకు ద్రవమైనపుడు మరియొక చిక్కు గలదు. సగము నీరున్న బిందెను నెత్తిన పెట్టుకొని నడచు స్త్రీకి దీనిని చెప్పనక్కరలేదు. ఆమె ఆగినను నీరు ఆగదు. అట్లే డ్రైవరు బ్రేకు వేసినను ట్యాంకులోని ద్రవము ముందుకు ఉరికి బండిని నెట్టును. మలుపులో ప్రక్కకు ఒరిగి బోల్తా కొట్టింపజూచును. ట్యాంకులో అరలును, అడ్డు రేకులును ఉండుట ఈ పోటును తగ్గించుటకే. అయినను మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను గాని, మలుపులో ప్రవేశించిన పిమ్మట బ్రేకు తొక్కరాదు.

ట్యాంకును అంచువరకు నింపరాదు. ఎండకు పెట్రోలు వ్యాకోచించును. 10,000 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీల వేడి పెరిగినచో సుమారు 200 లీటర్లు పెరుగును. దానికి లోపల చోటుండవలెను.

వానకాలములో వాగు కల్వర్టుమీదుగా పారుచుండగా బండిని దింపరాదు. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి కొండాయి గ్రామమును ముంచిన సంగతిని ఈ ప్రాంతమువారు మరువలేదు. లోతు తెలియని నీటిలో ట్యాంకరును నడుపువాడు తనకేగాక, వాగు దిగువనున్న ఊళ్లకు కూడ అపాయము తెచ్చును.

మూడవ దినపు పాఠము

మూడవ దినమున సరుకు స్వభావము నేర్పుదురు. ట్యాంకరు ప్రక్కలను, వెనుకను ఒక పలక ఉండును. దానిపై సరుకు పేరు, ఐక్యరాజ్య సమితి వారి విధానము ననుసరించిన సంఖ్య, తరగతి గుర్తు, ప్రమాదమైనపుడు పిలువవలసిన ఫోను నంబర్లు వ్రాయబడియుండును. అపాయకర వస్తువులను తొమ్మిది తరగతులుగా విభజించినారు. రెండవ తరగతి వాయువులు, మూడవది మండు ద్రవములు, ఆరవది విషములు, ఎనిమిదవది చర్మమును, లోహమును తినివేయు ఆమ్లముల వంటివి.

కొన్ని సంఖ్యలు కంఠస్థము చేయదగినవి. పెట్రోలు 1203, డీజెలు 1202, కిరసనాయిలు 1223, వంట గ్యాసు 1075, అమోనియా 1005, క్లోరిను 1017, గంధకికామ్లము 1830.

పలకపై అగ్నిమాపకుల కొరకు మరియొక సంకేతముండును. అందు 1, 2 అంకెలు నీటి తుంపరను, 3 నురుగును, 4 పొడి పదార్థమును సూచించును. డబ్ల్యు, ఎక్స్, వై, జెడ్ అక్షరములలో ఏదైన ఉన్నచో ఆ సరుకును కాలువలోనికి, నీటిలోనికి పోనీయక అడ్డుకట్టవలెనని అర్థము. చివర ఈ అను అక్షరమున్నచో చుట్టుప్రక్కల జనమును తరలించు విషయము ఆలోచింపవలెనని అర్థము. పెట్రోలుకు ఈ సంకేతము 3 వై ఈ.

ఆపత్కాలమున చేయవలసిన పనులు ట్రెమ్ కార్డు అను కాగితముపై ఉండును. అది ఎల్లపుడు డ్రైవరు గదిలో ఉండవలెను. ప్రమాదము జరిగిన వెంటనే సమీప పోలీసు స్టేషనుకును, యజమానికిని తెలుపుట డ్రైవరు విధి. బావులను, నదులను, చెరువులను కాపాడుట కూడ ఈ మూడవ దినపు పాఠములోనిదే. గోదావరి ఒడ్డుననున్న మనకు ఈ ఒక్క మాట చాలును, ఈ పరీక్ష డ్రైవరుది మాత్రమే కాదని గ్రహించుటకు.

కొన్ని ప్రశ్నలు, జవాబులు

పరీక్షకు పోవు యువకులు ఈ ప్రశ్నలను ఒకరినొకరు అడిగి నేర్చుకొనవచ్చును.

ప్రశ్న: ఖాళీ ట్యాంకరు వలన అపాయము లేదా?
జవాబు: ఉన్నది. ద్రవము పోయినను ఆవిరి మిగులును. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు 1.4 నుండి 7.6 వంతుల వరకు ఉన్నచో నిప్పురవ్వ తగిలి ప్రేలును. కావున శుద్ధిచేసి పరీక్షింపని ఖాళీ ట్యాంకుకు వెల్డింగు చేయింపరాదు.

ప్రశ్న: మండుచున్న పెట్రోలుపై నీరు పోయవచ్చునా?
జవాబు: పోయరాదు. పెట్రోలు నీటికన్న తేలిక. నీటిపై తేలి, మంటతోకూడ పారును. నురుగు గాని పొడి గాని వాడవలెను.

ప్రశ్న: సరుకు దించుటకు ముందు ఏమి చేయవలెను?
జవాబు: ఇంజను ఆపవలెను. చక్రములకు అడ్డులు పెట్టవలెను. ద్రవము గొట్టములో పారునపుడు విద్యుత్తు పుట్టి రవ్వ లేవవచ్చును గనుక ముందుగా భూమికి తీగ కలుపవలెను.

ప్రశ్న: బండిని నిలిపి, దానిని విడిచి టీ త్రాగుటకు పోవచ్చునా?
జవాబు: పోరాదు. నిలిచిన ట్యాంకరును కనిపెట్టుకొని మనిషి ఉండవలెను. జనము గుమిగూడు సంతలోను, బడి ప్రక్కను నిలుపరాదు.

ప్రశ్న: పెట్రోలు ఆవిరి ఎటు పోవును?
జవాబు: అది గాలికన్న మూడు నాలుగు రెట్లు బరువైనది. నేలబారున ప్రాకి పల్లములలోను, కాలువలలోను నిలుచును. దూరముననున్న పొయ్యి నిప్పు కూడ దానిని అంటింపవచ్చును. వంట గ్యాసు కూడ గాలికన్న బరువైనదే.

ఊరు నేర్వవలసినది

2017 జూన్ 25న పాకిస్థానులోని అహ్మద్‌పూర్ షర్కియా వద్ద ఒక పెట్రోలు ట్యాంకరు బోల్తాపడినది. కారుచున్న పెట్రోలును పట్టుకొనుటకు చుట్టుప్రక్కల ఊళ్ల జనము పాత్రలతో మూగినారు. అంతలో నిప్పంటుకొని 200 మందికి పైగా మరణించినారు. 2024 డిసెంబరు 20న జయపురము వద్ద వంట గ్యాసు ట్యాంకరును ఒక లారీ ఢీకొనగా, వెలువడిన గ్యాసు రోడ్డుమీద వ్యాపించి అంటుకొని అనేక వాహనములను దహించినది. మొదటి ఊరివారు దుర్మార్గులు కారు. ఊరక పోవుచున్న వస్తువును పట్టుకొనుటలో తప్పేమియని తలచినవారు. అపాయమెంతటిదో వారికి ముందుగా చెప్పినవారుండినచో అందు అనేకులు నేడు బ్రతికియుందురు.

కావున పంచాయతులు ఈ క్రింది పనులు చేయవలెనని కోరుచున్నాము.

ఒకటి: ట్యాంకరు పడినదని తెలిసినచో ఎవ్వరును చమురు పట్టుకొనుటకు పోరాదని ఊరిలో మైకుద్వారా ముందే చాటింపవలెను. బీడీ, పొయ్యి, మోటారు సైకిలు, సెల్ ఫోను ఏవియు అచ్చటికి చేర్చరాదు. గాలి వచ్చు వైపునకు తొలగి నిలువవలెను. పెట్రోలు ఎక్కువగా కారినచో గాలి పోవు దిశలో 300 మీటర్ల మేరయు, వంట గ్యాసు కారినచో 800 మీటర్ల మేరయు జనమును తొలగింపవలెను. గ్యాసు ట్యాంకరుకు నిప్పంటినచో నలుదిక్కుల 1,600 మీటర్లు ఖాళీచేయవలెను.

రెండు: పైని సంఖ్యలను, 112, అగ్నిమాపక దళమునకు 101, అంబులెన్సుకు 108, వంట గ్యాసు లీకునకు 1906 అను ఫోను నంబర్లను పంచాయతి కార్యాలయముపైనను, బడి గోడపైనను వ్రాయింపవలెను. దూరము నుండి చూచి పలకపై సంఖ్యను చెప్పగలిగినచో అగ్నిమాపకులు తగిన సాధనములతో వత్తురు. సంఖ్య చదువుటకై దగ్గరకు పోరాదు.

మూడు: రోడ్డు ప్రక్కనున్న బావులు, బోర్లు, వాగుల పట్టికను తయారుచేసి ఉంచవలెను. చమురు కారినపుడు దిగువనున్న బావినీరు త్రాగరాదని వెంటనే చాటింపవలెను. పారుచున్న చమురుకు చాల దూరముగా, దాని దారికి ముందుగా, అధికారుల సూచన ననుసరించి మట్టికట్ట వేయవలెను. నీటితో కడిగి కాలువలోనికి తోయరాదు.

నాలుగు: ఈ వృత్తిని కోరు యువకులకు రాత్రివేళ తెలుగు, ఇంగ్లీషు చదువు నేర్పు ఏర్పాటు చేయవలెను. గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలేవో రవాణా శాఖ కార్యాలయమున విచారింపవలెను. గిరిజన యువకుల విషయమై ఏటూరునాగారములోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు తీర్మానము వ్రాసి సహాయము కోరవచ్చును.

పరీక్షలో ఉత్తీర్ణుడైన మన ఊరి యువకుడు ఇంటికి జీతము తెచ్చును. అతడు నేర్చిన మూడవ దినపు పాఠమును ఊరు కూడ నేర్చినచో, ఏనాడైన ఆపద వచ్చినపుడు ప్రాణములు దక్కును. రానున్న గ్రామసభలో సభ్యులు ఈ పాఠమును చదివి వినిపింతురని ఆశించుచున్నాము.