మోడెం గుర్తుపట్టని కంప్యూటర్

పిల్లలూ! ఆదివారం ఉదయం రాజమండ్రిలోని అమ్మమ్మగారితో కంప్యూటర్‌లో మాట్లాడటం మా ఇంట్లో అలవాటు. ఒక ఆదివారం పాత కంప్యూటర్ పాడైంది. కేబుల్ మోడెం వైరు తీసి కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించాం. మోడెం లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఇంటర్నెట్ మాత్రం రాలేదు. అక్కడ అమ్మమ్మగారు ఎదురుచూస్తూ కూర్చున్నారు.

ఎందుకిలా? నెట్‌వర్క్‌కు తగిలించే ప్రతి పరికరానికీ తయారీలోనే ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. దాని పేరు మ్యాక్ అడ్రస్. అందులో 12 స్థానాలుంటాయి. ఒక్కో స్థానంలో 0 నుంచి 9 వరకు ఒక అంెకో, 'ఎ' నుంచి 'ఎఫ్' వరకు ఒక ఇంగ్లీషు అక్షరమో ఉంటుంది. చాలా కేబుల్ మోడెంలు ఆన్ చేయగానే మొదట కనిపించిన పరికరాన్నే గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత వచ్చినదాన్ని పలకరించవు!

ఏం చేయాలి?

1. మోడెం ప్లగ్ తీయండి. లోపల బ్యాటరీ ఉంటే అదీ తీయండి.
2. కంప్యూటర్ ఆపి, వైరు తగిలించండి. ఒక నిమిషం ఆగండి.
3. బ్యాటరీ, ప్లగ్ మళ్ళీ పెట్టి, లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగండి.
4. అప్పుడు కంప్యూటర్ ఆన్ చేయండి.

అప్పటికీ రాకపోతే కేబుల్ కంపెనీకి ఫోన్ చేయాలి. మధ్యలో రూటర్ పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. ఎన్ని కంప్యూటర్లు మార్చినా మోడెంకు కనిపించేది రూటర్ ఒక్కటే.

ఇదంతా తెలుసుకునేసరికి మాకు మూడు గంటలు పట్టింది. అప్పటికి అమ్మమ్మగారు నిద్రపోయారు. మీకలా జరగకూడదనే ఈ పాఠం.

అభ్యాసం: మీ ఇంటి మోడెం మీద ఎన్ని లైట్లున్నాయో చూసి, తెలుగులో రెండు వాక్యాలు రాయండి.